పేటలో ఆటను నిలబెట్టే ఉద్యోగం: విజయవాడ, గుంటూరులలో ఎలా మొదలుపెట్టాలి

డిగ్రీ దాకా కాలేజీ జట్టులో కబడ్డీయో, వాలీబాలో, ఖోఖోనో ఆడి, ఇక రాష్ట్ర జట్టులో చోటు దొరకదని తెలిసిన తర్వాత కూడా గ్రౌండు వదిలి పోవడానికి మనసొప్పని వారు విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామంది ఉన్నారు. అలాంటివారికి పెద్దలు సాధారణంగా రెండే దారులు చెబుతారు. ఒకటి డీఎస్సీ రాసి వ్యాయామ ఉపాధ్యాయుడు కావడం, రెండోది స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం చూసుకోవడం. మూడో దారి ఒకటుంది. ఒక వార్డులోనో, ఒక కాలనీలోనో ఇప్పటిదాకా ఆడనివారిని ఆటలోకి తీసుకువచ్చి, వచ్చినవారు మధ్యలో మానిపోకుండా చూసుకునే పని అది. దీన్నే సామాజిక క్రీడాభివృద్ధి అంటున్నారు. పేరు కొత్తదే కానీ పని పాతదే. బడి గంట కొట్టాక కూడా ఇంటికి పోకుండా, చీకటి పడేదాకా విజిల్ మెడలో వేసుకుని నిలబడిన డ్రిల్లు మాస్టార్లు ఈ పనిని జీతం లేకుండానే చేశారు. ఇప్పుడు దానికి జీతం, హోదా, చదువు అన్నీ ఏర్పడుతున్నాయి కనుక ఒక క్రమంలో ఎలా ప్రవేశించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఈ పని ఏమిటో తేల్చుకోండి

అకాడమీ శిక్షకుడి పని వేరు, ఈ పని వేరు. విజయవాడ విలువిద్యకు వెన్నం జ్యోతి సురేఖను, బొమ్మదేవర ధీరజ్‌ను ఇచ్చింది. గుంటూరు చదరంగానికి పెంటేల హరికృష్ణను, ద్రోణవల్లి హారికను ఇచ్చింది. ఆ స్థాయి క్రీడాకారులను తయారుచేసే శిక్షకుడు తన దగ్గరకు వచ్చిన పిల్లల్లో మెరికలను ఏరుకుంటాడు, మిగిలినవారిని వదులుకోక తప్పదు. మీ పని సరిగ్గా ఆ మిగిలినవారితో మొదలవుతుంది. పదమూడేళ్లు దాటగానే ఆట మానేసిన ఆడపిల్ల, సాయంత్రాలు తండ్రి బండి దగ్గర కూర్చోవలసిన కుర్రాడు, మోకాళ్ల నొప్పులతో డాక్టరు నడవమన్నా ఎక్కడ నడవాలో తెలియని గృహిణి, వినికిడి లోపం ఉన్నందున జట్టులోకి ఎవరూ పిలవని పిల్లవాడు, వీరంతా మీ లెక్కలోకి వస్తారు. పతకాలు రావచ్చు, రాకపోవచ్చు. మీ పనికి కొలమానం మాత్రం జూన్‌లో చేరిన ముప్పై మందిలో ఫిబ్రవరికి ఎందరు మిగిలారన్నదే.

ఈ తేడా మనసుకు నచ్చకపోతే ఇక్కడే ఆగిపోవడం మంచిది. గెలుపు మీద మక్కువ తగ్గని ఆటగాడు ఈ పనిలోకి వచ్చి, మూడో నెలకల్లా బలహీనులను పక్కన కూర్చోబెట్టి బలమైన ఏడుగురితోనే జట్టు కట్టడం నేను చాలాసార్లు చూశాను. అందులో తప్పేమీ లేదు, కానీ అది వేరే ఉద్యోగం.

ప్రభుత్వ విధానాల్లో కూడా ఈ పనికి ఇప్పుడు చోటు ఉంది. 2001 నాటి జాతీయ క్రీడా విధానం స్థానంలో 2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఖేలో భారత్ నీతి, అంతర్జాతీయ పోటీల్లో రాణించడంతోపాటు సామాజికాభివృద్ధికి ఆటలు, ప్రజా ఉద్యమంగా ఆటలు అన్న రెండు అంశాలను కూడా తన మూలస్తంభాలుగా పేర్కొంది. ఏదైనా సంస్థకు దరఖాస్తు రాసేటప్పుడు ఈ మాటలు మీకు పనికివస్తాయి.

ఒక నెల పాటు మీ పేట అంతా నడవండి

కోర్సులో చేరడానికి ముందే చేయవలసిన పని ఇది. ఖర్చు ఒక నోటు పుస్తకం మాత్రమే. మీరు ఉండే వార్డును, దాని పక్క వార్డును ఎంచుకుని ఉదయం ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి, ఆదివారం పదింటికి ఒకసారి తిరగండి. సింగ్‌నగర్ కావచ్చు, కృష్ణలంక కావచ్చు, గుంటూరులో ఆర్.అగ్రహారం కావచ్చు. ఎక్కడ ఖాళీ స్థలం ఉంది, అది ఎవరిది, ఏ గంటలో ఎవరు వాడుతున్నారు, దీపం ఉందా, నీళ్ల కుళాయి ఉందా, దగ్గరలో మరుగుదొడ్డి ఉందా అన్నవి రాసుకోండి. అంతకన్నా ముఖ్యంగా అక్కడ ఎవరు కనబడలేదో రాసుకోండి. వారం తిరిగేసరికి ఒక సంగతి మీకే బోధపడుతుంది: దాదాపు ప్రతి గ్రౌండులోనూ క్రికెట్ ఆడే పెద్ద కుర్రాళ్లే స్థలమంతా ఆక్రమించి ఉంటారు, చిన్నపిల్లలు గోడవారగా నిలబడి బంతి అందిస్తుంటారు, ఆడపిల్లలు దాదాపు ఉండరు.

తర్వాత స్థలాన్ని కొలవండి. ఏ ఆట పెట్టాలన్నది మీ ఇష్టాన్ని బట్టి కాదు, స్థలాన్ని బట్టి తేలుతుంది. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కావాలి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. మహిళల కబడ్డీకి 12 మీటర్లు, 8 మీటర్లు చాలు. టెన్నికాయిట్‌కు 12.2 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు సరిపోతుంది కనుక అపార్టుమెంటు సెల్లారు పక్కనున్న జాగా కూడా కోర్టే అవుతుంది. ఒక రబ్బరు రింగు, ఒక నెట్టు ఉంటే ఆట మొదలవుతుంది. చీరకట్టులో ఉన్న నడివయసు స్త్రీలు కూడా సిగ్గుపడకుండా దిగే ఆట మన ప్రాంతంలో ఇదేనని నా అనుభవం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు టెన్నికాయిట్‌ను చిన్నచూపు చూడటం నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఇవేవీ కుదరని ఇరుకు సందుల్లో చదరంగం బల్లలు నాలుగు వేయండి. హరికృష్ణ, హారికల ఊరిలో ఆ ఆటకు పిల్లలను పిలవడానికి మరో పరిచయం అక్కరలేదు.

చదువు, ధ్రువపత్రాలు

చదువు లేకుండా ఈ పని మొదలుపెట్టవచ్చు గానీ, చదువు లేకుండా ఇందులో ఎదగలేరు. ఇంటర్ పూర్తయినవారు రెండేళ్ల డీపీఎడ్ (వ్యాయామ విద్య డిప్లొమా)లోనూ, డిగ్రీ పూర్తయినవారు రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ)లోనూ చేరవచ్చు. రెండింటికీ ఏపీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారానే ప్రవేశం. ఈ పరీక్షలో రాత భాగం ఉండదు. పరుగు, షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్ వంటి దేహదారుఢ్య పరీక్షలు, మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష మాత్రమే ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్షలు విజయవాడకూ గుంటూరుకూ మధ్యనున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జరుగుతున్నాయి, అక్కడే వ్యాయామ విద్య కళాశాల కూడా ఉంది. బంతి ఆటలు ఆడినవారు సాధారణంగా షాట్‌పుట్ దగ్గర దెబ్బతింటారు. కనీసం మూడు నెలల ముందు నుంచి ఎవరైనా అథ్లెటిక్స్ శిక్షకుడి దగ్గర గ్లైడు, అంటే గుండు విసిరే ముందు వెనక్కి జారే పద్ధతి, నేర్చుకోండి. కళాశాలను ఎంచుకునేటప్పుడు దానికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి, ఏజెంటు చెప్పాడని నమ్మరాదు.

ఒక ఆటలో లోతుగా పోదలచినవారికి పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. 1961లో స్థాపించిన ఈ సంస్థ ఏడాది డిప్లొమానూ, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సునూ నడుపుతుంది. డిప్లొమా బెంగళూరు వంటి ఇతర కేంద్రాల్లోనూ ఉంటుంది. అయితే నా అభిప్రాయం ప్రకారం ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు ముందు ఆరు వారాల కోర్సు చేసి, రెండేళ్లు గ్రౌండులో పని చేసి, ఆ తర్వాత డిప్లొమా గురించి ఆలోచించాలి. డిప్లొమా మిమ్మల్ని శిక్షకుడిని చేస్తుంది, అది మంచిదే. కానీ ముప్పై మంది తల్లులతో ఎలా మాట్లాడాలో అక్కడ నేర్పరు.

వీటితోపాటు మీ ఆటకు సంబంధించిన రిఫరీ పరీక్ష రాయండి. ఈ సలహాను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రిఫరీ కార్డు ఉన్నవారికి సంక్రాంతి టోర్నమెంట్లలో, స్కూల్ గేమ్స్‌లో, కార్పొరేట్ పోటీల్లో పని దొరుకుతుంది. చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, జిల్లాలోని పీడీలూ (ఫిజికల్ డైరెక్టర్లు) పీఈటీలూ (వ్యాయామ ఉపాధ్యాయులు) పేరుతో పిలిచే పరిచయం ఏర్పడుతుంది. 2023 డిసెంబరు 26న గుంటూరు నల్లపాడులో మొదలై సచివాలయ స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా సాగిన ఆడుదాం ఆంధ్రా పోటీల వంటివి వచ్చినప్పుడు ప్రతి వార్డుకూ అంపైర్లు, స్కోరర్లు కావలసి వస్తారు. పరీక్ష రాసే ముందు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఒకే ఆటకు రెండు సంఘాలు పోటీగా నడుస్తున్న సందర్భాలు మన దగ్గర ఉన్నాయి. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తించిన జాతీయ సమాఖ్యకు అనుబంధంగా ఉన్న సంఘం ఏదో తెలుసుకుని దాని దగ్గరే రాయండి, లేకపోతే ఆ కార్డు అలంకారానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

ప్రథమ చికిత్స, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ నేర్చుకోవడం తప్పనిసరి. ఒక ఆదివారం సరిపోతుంది.

ముప్పై మందితో మూడు నెలలు నడిపి చూడండి

చదువుకుంటూ ఉండగానే చేయవలసిన అసలైన అభ్యాసం ఇది. ఈ మెట్టు ఎక్కకుండా ఎంత పెద్ద పట్టా ఉన్నా సంస్థలు మిమ్మల్ని నమ్మవు, నమ్మకూడదు కూడా.

మొదట స్థలానికి అనుమతి తీసుకోండి. మున్సిపల్ పార్కు లేదా మైదానమైతే నగరపాలక సంస్థ కమిషనర్ పేరిట, ప్రభుత్వ పాఠశాల ఆవరణ అయితే ప్రధానోపాధ్యాయుడి పేరిట లేఖ రాసి, దాని నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవాలి. నోటిమాట అనుమతితో మొదలుపెట్టిన బ్యాచ్ ఆ అధికారి బదిలీతోనే ఆగిపోతుంది. ప్రధానోపాధ్యాయుడిని కలిసినప్పుడు మీరు ఏమి అడుగుతున్నారో కాకుండా బడికి ఏమి ఇస్తారో ముందు చెప్పండి. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల దాకా, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000 దాకా, ఉన్నత పాఠశాలకు 25,000 దాకా క్రీడా సామగ్రికి నిధి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ సామగ్రి చాలా బడుల్లో బీరువాలో తాళం వేసి ఉంటుంది, ఎందుకంటే పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. సామగ్రికి నేను సంతకం పెడతాను, నెలకోసారి లెక్క అప్పజెబుతాను అని మీరే ముందుగా అంటే ఆ తాళం తెరుచుకుంటుంది.

తర్వాత పిల్లలను కాదు, తల్లులను కలవండి. కరపత్రాలు అచ్చువేసి పంచడం వల్ల ఒరిగేది తక్కువ. మీ వార్డులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల సమావేశం ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని, పది నిమిషాలు అడిగి, మీరెవరు, ఎక్కడ ఉంటారు, పిల్లలను ఎన్నింటికి తిరిగి పంపిస్తారు, ఆడపిల్లల వెంట ఎవరు ఉంటారు అన్న నాలుగు సంగతులు చెప్పండి. మీరు ఆడిన టోర్నమెంట్ల జాబితా అక్కడ ఎవరికీ అవసరం లేదు. ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకోండి: ఆరున్నరకు పంపిస్తానంటే ఆరున్నరకే పంపించాలి. ఆ పది నిమిషాల ఆలస్యం ఒక ఆడపిల్ల ఆటను శాశ్వతంగా ఆపేయగలదు.

హాజరు పట్టీ ఈ వృత్తికి ప్రాణం. పేరు, వయసు, తరగతి, తల్లి ఫోను నంబరు, రోజువారీ హాజరు, మానేస్తే కారణం అన్న గళ్లతో పెద్ద పుస్తకం పెట్టండి. కారణం అన్న గడిని ఎవరూ నింపరు, నిజానికి ఉద్యోగమంతా ఆ గడిలోనే ఉంది. నేను తొలిసారి సింగ్‌నగర్ వైపు ఒక కాలనీలో ఆడపిల్లల ఖోఖో బ్యాచ్ నడిపినప్పుడు ఇరవై రెండు మందితో మొదలై రెండు నెలలకు తొమ్మిది మంది మిగిలారు. చదువు ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను. ఒక పిల్ల అమ్మమ్మను దారిలో పలకరిస్తే అసలు సంగతి బయటపడింది. గ్రౌండు దగ్గర మరుగుదొడ్డికి తాళం ఉండటంతో, నెలలో కొన్ని రోజులు రాలేని పిల్లలు సిగ్గుపడి ఆ తర్వాత అసలు రావడమే మానుకున్నారు. వీధి చివరన ఉన్న అంగన్‌వాడీ ఆయమ్మను బతిమాలి తాళంచెవి తీసుకున్నాక ఆరుగురు తిరిగి వచ్చారు. మిగిలిన ఏడుగురు రాలేదు, అది నా ఆలస్యానికి ఖరీదు. అప్పటి నుంచి వరుసగా మూడు రోజులు ఎవరైనా రాకపోతే నాలుగో రోజు వారి ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాను. ఫోను చేయకండి, పోండి.

ఎండ గురించి విడిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట కృష్ణా, గుంటూరు సీమల్లో అతిశయోక్తి కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడున్నర దాటాక, సాయంత్రం ఐదున్నరకు ముందు పిల్లలను ఎండలో పరుగెత్తించకండి. పావుగంటకొకసారి నీళ్ల విరామం ఇవ్వండి, అడిగితేనే ఇస్తానన్న పద్ధతి వద్దు. ఇంటి నుంచి ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చుకోమనండి. పిల్లవాడు తడబడుతూ మాట్లాడినా, తల తిరుగుతోందన్నా, చర్మం కాలిపోతున్నట్టు ఉన్నా ఆట ఆపి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరుతూ 108కు ఫోను చేయాలి. స్పృహ సరిగా లేని పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకూడదు. నీళ్లు తాగితే పొట్ట బరువెక్కి పరుగు రాదన్న పాత మాటను కొందరు పెద్ద ఆటగాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు, దాన్ని మీ గ్రౌండులోకి రానివ్వకండి.

పిల్లల రక్షణ విషయంలో మొహమాటం పనికిరాదు. ఒంటరిగా ఒక పిల్లనో పిల్లవాడినో గదిలోకి పిలవకండి, మీ బండి మీద ఒంటరిగా దింపకండి, భంగిమ సరిచేయడానికి తాకవలసి వస్తే అందరి ఎదుటా చెప్పి తాకండి. ఆడపిల్లల బ్యాచ్‌కు ఒక మహిళ ఎప్పుడూ గ్రౌండులో ఉండేలా చూడండి, ఒక తల్లి అయినా సరే. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగబోతున్నదన్న అనుమానం ఉన్నా దాన్ని పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత, తెలిసి కూడా చెప్పకపోవడం శిక్షార్హమైన నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరును మీ హాజరు పుస్తకం అట్ట మీద పెద్దగా రాసి, పిల్లలందరికీ కనబడేలా ఉంచండి.

వైకల్యం ఉన్న పిల్లలను చేర్చుకోవడానికి ప్రత్యేక కార్యక్రమం దాకా ఆగనక్కరలేదు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లి అక్కడి ఉపాధ్యాయులతో మాట్లాడండి. వినికిడి లోపం ఉన్నవారికి విజిల్ బదులు జెండా ఊపితే సరిపోతుంది. మేధో వైకల్యం ఉన్నవారితో పనిచేయదలిస్తే స్పెషల్ ఒలింపిక్స్ భారత్ శిక్షకులకు తర్ఫీదు ఇస్తుంది.

జీతం ఎక్కడి నుంచి వస్తుంది

స్థిరమైన ఉద్యోగాల్లో మొదటిది ప్రభుత్వ పాఠశాలలే. 2025 ఏప్రిల్‌లో వెలువడిన మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు ఉండగా, వాటిలో వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్లు, పీఈటీలు కూడా ఉన్నారు. గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు కూడా పీడీలను, పీఈటీలను తీసుకుంటాయి. గురుకులంలో పిల్లలు రాత్రింబవళ్లు అక్కడే ఉంటారు కనుక సామాజిక క్రీడాభివృద్ధి మెళకువలన్నీ అక్కడ ఉపయోగపడతాయి. 2024లో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది కాబట్టి మీ పాత ధ్రువపత్రాలను జాగ్రత్తగా దాచుకోండి.

రెండోది రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, అంటే మనం శాప్ అని పిలుచుకునేది. జిల్లాల్లో జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆధ్వర్యంలో శిక్షకులు పనిచేస్తారు. విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఎన్టీఆర్ స్టేడియం ప్రాంతాల్లో తిరుగుతుంటే ఏ శిబిరానికి ఎవరిని తీసుకుంటున్నారో తెలుస్తుంది. వేసవి శిక్షణ శిబిరాలు తొలి అవకాశానికి మంచి ద్వారం. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకమైన ఖేలో ఇండియా కేంద్రాల్లో మాజీ క్రీడాకారులను శిక్షకులుగా నియమించే పద్ధతి ఉంది, మీకు జాతీయ స్థాయిలో ఆడిన రికార్డు ఉంటే దీన్ని విడవకండి.

మూడోది స్వచ్ఛంద సంస్థలు. మన రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు విద్య, వైద్యంతోపాటు ఆటలను కూడా గ్రామాభివృద్ధిలో భాగంగా నడిపింది. వీలైతే అక్కడికి వెళ్లి నాలుగు రోజులు గమనించి రండి. ఒక శిక్షకుడు పదిహేను గ్రామాలను ఎలా చూసుకోవాలన్నది ఏ పుస్తకం కన్నా అక్కడ బాగా తెలుస్తుంది.

నాలుగోది ప్రైవేటు పాఠశాలలు. వీటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చేరే ముందు వేసవి రెండు నెలలకు జీతం ఇస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. నేను ఒకచోట అడగకుండా చేరి, మే నెలాఖరున ఖాతా చూసుకుని తెలుసుకున్నాను.

ఇవన్నీ దొరికేలోగా పూట గడవాలి కదా. దానికి మన నగరాల్లో ఒక మార్గం ఉంది. తెల్లవారుజామున ఏ గ్రౌండుకు పోయినా కానిస్టేబుల్, అగ్నివీర్ పరీక్షల కోసం 1600 మీటర్లు పరుగెత్తే యువకులు కనబడతారు. సరైన పద్ధతి తెలియక మోకాలి కింద ఎముక నొప్పితో కుంటేవారే వారిలో ఎక్కువ. ఉదయం వారికి రుసుము తీసుకుని శిక్షణ ఇవ్వండి, ఇంకో గంట నడకకు వచ్చే పెద్దవారికి వ్యాయామం చేయించండి, సాయంత్రం వార్డు పిల్లల బ్యాచ్‌ను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో నడపండి. ఉదయపు ఆదాయంతో సాయంత్రపు బ్యాచ్ బతుకుతుంది. ఈ లెక్కలను రెండు వేర్వేరు పుస్తకాల్లో రాయడం మరవకండి.

సొంత సంస్థ పెట్టాలనుకుంటే

రెండేళ్లు పూర్తికాకుండా పెట్టవద్దు. పెట్టదలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ ఏడుగురూ మీ బంధువులే అయితే దాతలు వెనకడుగు వేస్తారు. ఒక విశ్రాంత పీడీ, ఒక వైద్యుడు, ఒక అకౌంటెంటు, బ్యాచ్‌లోని పిల్లల తల్లులలో ఇద్దరు ఉంటే అది నిలబడుతుంది. ఏటా జమాఖర్చులు ఆడిట్ చేయించి సమర్పించాలి. ఇందులో బద్ధకించిన సంఘాలే ఎక్కువగా మూతపడ్డాయి.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు పొందిన క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ ఆ చట్టంలోని ఏడో షెడ్యూలులో స్పష్టంగా ఉంది. ఈ నిధి అందుకోవాలంటే మీ సంస్థ ఆదాయపు పన్ను శాఖలో 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను తగ్గింపు) నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు పూర్తిచేసి ఉండాలి. ప్రతిపాదన నాలుగు పేజీలు మించనివ్వకండి. మొదటి పేజీలోనే మీ హాజరు పట్టీ నుంచి తీసిన లెక్క ఉండాలి: ఎందరు చేరారు, ఏడాది తర్వాత ఎందరు ఉన్నారు, మానేసినవారు ఎందుకు మానేశారు, దానికి మీరేం చేశారు. కప్పులు పట్టుకున్న ఫోటోలు ఆఖరి పేజీకి చాలు.

పేరు కాస్త బయటకు వచ్చాక మీ దగ్గరకు కొత్త రకం మనుషులు వస్తారు. అండర్-14లో ఆడించడానికి పుట్టిన తేదీ మార్చమనేవారు, ఆడని పిల్లవాడి పేరు జట్టు జాబితాలో చేర్చమనేవారు, కోటా సీటు కోసం ధ్రువపత్రం ఇప్పించమనేవారు. వీరిలో కొందరు మీ సంస్థకు విరాళం కూడా ఇస్తామంటారు. ఒక్కసారి ఒప్పుకుంటే మీరు మూడేళ్లుగా రాసిన హాజరు పుస్తకాలకు విలువ లేకుండా పోతుంది, ఎందుకంటే ఆ పుస్తకాన్ని నమ్మేవారందరూ మీ సంతకాన్ని చూసే నమ్ముతున్నారు.

ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

మేలో మొదలుపెట్టకండి. సెలవుల్లో ఎవరి అమ్మమ్మ ఊరికి వారు పోతారు, ఉన్నవారు వేసవి శిబిరాలకు పోతారు, జూన్‌లో సగం మంది కనబడరు, మీరు నిరుత్సాహపడతారు. బడులు తెరిచిన రెండో వారంలో మొదలుపెడితే దసరాకు ముందు మూడు నెలలు దొరుకుతాయి. ఆ దసరా పది రోజులు విజయవాడలో భవానీ భక్తుల రద్దీతో, దారి మళ్లింపులతో బ్యాచ్ ఎలాగూ తగ్గుతుంది కనుక ఆ రోజులకు ఇళ్ల దగ్గరే చేసుకునే చిన్న కసరత్తులు ఇచ్చి పంపండి. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం నాడు తల్లిదండ్రులను గ్రౌండుకు పిలిచి, పిల్లలతో కాకుండా తల్లులతోనే ఒక టెన్నికాయిట్ పోటీ పెట్టండి.

మొదటి రోజుకు ముందు సాయంత్రమే ముగ్గుపిండి, తాడు, టేపు పట్టుకుని ఒక్కరే గ్రౌండుకు వెళ్లి కోర్టు గీయండి. తొందరపడకుండా, గీత వంకర పోకుండా, గంట పట్టినా సరే నెమ్మదిగా గీయండి. రెండో గీత పూర్తయ్యేసరికి చుట్టుపక్కల పిల్లలు పోగవుతారు, ఒకరు తాడు చివర పట్టుకుంటారు, ఇంకొకరు ఏ ఆట మాస్టారూ అని అడుగుతారు. హాజరు పుస్తకాన్ని ఆ రోజు సంచిలో పెట్టుకుని వెళ్లండి, మొదటి పేర్లు అక్కడే రాసుకోవచ్చు.